లెక్క పెట్టే ముందు

బాపట్ల,
జూన్ 15.

అత్తయ్యకు వందనాలు.

కవరు చూసి కంగారు పడకు. ఎవరికీ ఏమీ కాలేదు. ఫోన్లో నీకు వినబడదు, నేను అరిచి చెబితే పక్కింటి పార్వతిగారికి కూడా మన సంగతులన్నీ తెలిసిపోతాయి. వాట్సాప్ నువ్వు చూడవు. అందుకని ఉత్తరం.

తెనాలిలో నేను పనిచేసే లేడీస్ జిమ్ ఓనరు హేమగారు మొన్న నన్ను కూర్చోబెట్టి ఒక మాట చెప్పారు. ఇన్నాళ్ళూ ముందు బల్ల దగ్గర పేర్లు రాసుకుంటూ, ట్రైనరు రాని రోజు బ్యాచి నేనే నడిపిస్తూ వచ్చానా, ఇక అలా కుదరదట. ఎక్కడో ఒక జిమ్‌లో ఎవరికో నడుం పట్టేసి పెద్ద గొడవైందట. సర్టిఫికెట్ తెచ్చుకుంటే నన్నే ట్రైనర్‌గా పెట్టుకుంటానన్నారు. క్రిస్మస్ దాకా చూస్తారు, ఆ తర్వాత వేరే అమ్మాయి వస్తుంది. ఆవిడ మంచిగానే చెప్పారు, నాకే దిగులు పట్టుకుంది.

దీనికి ఇంటర్ చదివుంటే చాలట. ముందు గుండె ఆగినవాళ్ళకి ఛాతీ నొక్కి ఊపిరి పోసే శిక్షణ తీసుకుని ఆ కాగితం తెచ్చుకోవాలి. తర్వాత ఎముకలు, కండరాలు, తిండి అన్నీ కలిపి కంప్యూటర్ మీద థియరీ పరీక్ష, మొత్తం ఇంగ్లీషే. అది దాటితే ప్రాక్టికల్. ముక్కూమొహం తెలియని మనిషిని మన ముందు నిలబెట్టి, ఈవిడకి స్క్వాట్ లాంటి వ్యాయామం నేర్పించు అంటారు. ఆదివారాలు విజయవాడలో క్లాసులు. అక్కడంతా పాతికేళ్ళ కుర్రాళ్ళు, చేతులు ఇంతింత. నన్ను చూసి, ఆంటీ మీరు ఎవరికోసం వచ్చారు అని అడిగారు.

తెల్లారకముందే లేచి తెనాలి రైలెక్కడం, మళ్ళీ రాత్రికి ఇల్లు చేరడం, అలిసిపోయాను అత్తయ్యా. నీకు తెలుసుగా, అప్పుడు వ్యాయామ టీచర్ ట్రైనింగ్ అమ్మ మంచాన పడిందని మధ్యలో వదిలేశాను. తర్వాత కంప్యూటర్ కోర్సు మొదలుపెడితే నాన్న మంచాన పడ్డాడు. ఇది మూడోసారి. ఇది కూడా వదిలేస్తే ఇంక జన్మలో ఏదీ మొదలుపెట్టను, ఆ ఓపిక నాకు లేదు.

నువ్వు జీవితమంతా ఆడపిల్లలకి డ్రిల్లు నేర్పావు. నాకు ఏదైనా చెప్పు. నీ ఆరోగ్యం సంగతి అడగక్కర్లేదనుకో. మా అందర్నీ సాగనంపిగాని నువ్వు కదలవు.

నీ మేనకోడలు,
సింధు.


రేపల్లె,
జూన్ 30.

సింధూ,

నీ ఉత్తరం అందింది. నా అక్షరాలు కోడి గెలికినట్టున్నాయని నవ్వకు. పెన్ను బాగాలేదు, బల్ల ఊగుతోంది.

ఆంటీ అన్నవాళ్ళ మాట పట్టించుకోకు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో నన్ను చూసి ఈ పిల్ల ఏ క్లాసు అని అడిగారు. రెంటికీ మనం చచ్చిపోలేదు.

స్క్వాట్ అంటే ఏంటో పార్వతి మనవరాలు ఫోన్లో చూపించింది. అదా! కుర్చీలో కూర్చుని లేచినట్టు. మా స్కూల్లో గుంజీలనేవాళ్ళం, అల్లరి చేసినవాళ్ళకి శిక్ష. ఇప్పుడు డబ్బులిచ్చి మరీ తీస్తున్నారన్నమాట. సరే, నేను చెప్పేది ఒక్కటే. గొంతు పెద్దగా ఉండాలి. లెక్క గట్టిగా పెట్టాలి. నువ్వు మెత్తగా మాట్లాడితే అవతలి మనిషి నడుం వంచేస్తుంది. చూపు ముందుకి, మడమ నేల మీద, ఆగకుండా లెక్క. మా పిల్లలు జిల్లాలో అంత బాగా నడిచేవాళ్ళంటే అందుకే.

ఎముకల పేర్లు నిద్ర లేవగానే పైకి చదువు. ఇంగ్లీషుకి భయపడకు, అది కూడా నోటితో పలికేదే.

ఈ మధ్య ఇక్కడికి రావద్దు. ముందు గదికి సున్నం వేయిస్తున్నాను, మనిషి కూర్చోవడానికి చోటు లేదు. అయినా నీకు ఆదివారాలు క్లాసులు కదా. గుళ్ళో ఆరాధన మానేస్తున్నావని మీ నాన్న ఉంటే అరిచేవాడు. నేను అరవను. చదువుకో.

ఇంకో మాట. వదిలేస్తానన్న మాట నాకు మళ్ళీ రాయకు.

అత్త,
సుందరమ్మ.


తెనాలి,
ఆగస్టు 24.

అత్తయ్యకు,

ఊరి పేరు చూశావా? తెనాలిలో హాస్టల్లో మంచం తీసుకున్నాను. రాజ్ కుమార్ అన్నయ్యకి ఇష్టం లేదు, చెల్లెల్ని ఇంట్లో ఉంచుకోలేకపోయాడని బాపట్లలో అందరూ అనుకుంటారట. జెస్సీ వదినే సర్దిచెప్పింది. ఇప్పుడు రైలు బాధ లేదు. కాని పొద్దున జిమ్‌లో బల్ల, మధ్యాహ్నం చదువు, సాయంత్రం మళ్ళీ బల్ల, గదికొస్తే అన్నం తినడానికి కూడా చెయ్యి లేవదు.

ఛాతీ నొక్కే శిక్షణ అయిపోయింది. ఒక రబ్బరు బొమ్మని నేల మీద పడుకోబెట్టి నొక్కించారు. నేను బాగా చేశానని సార్ అందరికీ చూపించమన్నాడు. చూపించాను, బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాన్న గుండె ఆగిన రోజు మన ఇంట్లో అంతమందిమి ఉండి ఆయన చుట్టూ నిలబడ్డామే గాని ఒక్కళ్ళకి కూడా ఇది తెలియదు. తెలిసుంటే బతికేవాడని కాదు. చెయ్యడానికి ఏదో ఒకటి ఉండేది కదా అని.

థియరీ పాసయ్యాను. అంచు మీద తప్పించుకున్నాను గాని పాసే. ప్రాక్టికల్ వచ్చే నెల చివర్లో. నువ్వు చెప్పినట్టే అద్దం ముందు గొంతు పెద్దది చేసి లెక్క పెడుతున్నాను. పక్క మంచం పిల్ల దిండు చెవుల మీద వేసుకుని పడుకుంటోంది.

పోయిన వారం రేపల్లె రైలు చూసి ఎక్కేద్దామనిపించింది. నువ్వేమో రావద్దన్నావు, నాకేమో ఒళ్ళు హూనంగా ఉంది. గదికి పోయి పడుకున్నాను. సున్నం అయిపోయిందా?

సింధు.


రేపల్లె,
సెప్టెంబరు 19.

సింధూ,

థియరీ పాసైనందుకు సంతోషం. రబ్బరు బొమ్మ సంగతి రెండుసార్లు చదివాను. మీ నాన్న శాలేమురాజు నాకంటే చిన్నవాడు. అంతకంటే రాయలేను.

నీ ప్రాక్టికల్‌కి గుడికి కృతజ్ఞత కానుక పంపించేశాను. నా పద్ధతి నీకు తెలుసు. ఫలితం వచ్చాక ఇచ్చేది బాకీ తీర్చినట్టుంటుంది, ముందు ఇచ్చేదే కానుక. మీ నాన్న టెన్తుకీ అలాగే ఇచ్చాను, నీ ఇంటర్‌కీ ఇచ్చాను, ఎప్పుడూ వమ్ము కాలేదు. పార్వతి చేతికి కవరిచ్చి పాస్టరుగారికి అందజేయమన్నాను. నా మేనకోడలు సింధు ట్రైనరు పరీక్ష ప్యాసైనందుకు అని కవరు మీద రాశాను. మొన్న ఆదివారం గుళ్ళో చదివారట.

సున్నం ఇంకా సాగుతోంది. ఆ మేస్త్రీ ఒక రోజు వస్తే నాలుగు రోజులు రాడు. రావద్దు.

అత్త.


బాపట్ల,
అక్టోబరు 6.

అత్తయ్యా,

నేను ఫెయిలయ్యాను. ముందు అది చదువు.

ప్రాక్టికల్ రోజు నా ముందు ఒకావిడని నిలబెట్టారు. నా వయసే, చుడీదారు వేసుకుంది, చూడ్డానికి గట్టిగానే ఉంది. స్క్వాట్ నేర్పించమన్నారు. నాకు వెయ్యేనుగుల బలం వచ్చింది. పాదాలు సరిచేశాను, చూపు ముందుకి పెట్టించాను, గొంతెత్తి లెక్క మొదలుపెట్టాను. ఆవిడ చెప్పినట్టల్లా చేసింది. మొహం ఒకలా పెట్టింది, కొత్త కదా కష్టంగా ఉందేమోనని ఇంకా గట్టిగా లెక్క పెట్టాను. పరీక్ష చేసే మేడమ్ ఆపించి, ఆవిణ్ణి పంట్లాం పైకి లాగమంది. మోకాలి మీద ఇంత పొడుగు ఆపరేషను మచ్చ.

"లెక్క బాగా పెట్టావమ్మా. మొదలుపెట్టే ముందు ఆవిణ్ణి ఒక్క మాటైనా అడిగావా?" అంది మేడమ్.

అడగలేదు. పుస్తకంలో మొదటి పాఠం అదే. జబ్బులున్నాయా, ఆపరేషన్లయ్యాయా, ఎక్కడైనా నొప్పుందా, మందులేం వాడుతున్నారు. అది అడగకుండా మనిషిని కదిలించకూడదు. అడిగితేగాని చెప్పొద్దని ఆవిడకి ముందే చెప్పి పెట్టారు. నాకు అన్నీ వచ్చు, అదొక్కటీ గుర్తు రాలేదు. ఎందుకు రాలేదో తెలుసా? నా చెవుల్లో నీ గొంతు తప్ప ఇంకేమీ లేదు.

అక్కడితో పోలేదు. నీ కానుక సంగతి రేపల్లె పాస్టరమ్మగారు బాపట్లలో వాళ్ళ అక్కకి చెప్పారు. నేను ఇల్లు చేరేసరికి వదిన కేకు కోయించడానికి సిద్ధంగా ఉంది. అన్నయ్య నలుగురికీ ఫోన్లు చేసేశాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు, నిన్న గుడి అయ్యాక స్త్రీల సమాజం వాళ్ళు నన్ను హాల్లోకి తీసుకెళ్ళి, ట్రైనరు సింధుగారు మనకి నాలుగు వ్యాయామాలు చూపిస్తారని మైకిచ్చారు. అందరూ పట్టుచీరల్లో కుర్చీలు జరిపేసి వరసగా నిలబడ్డారు. మొదటి వరసలో సామ్యేలు మాస్టారి భార్య. ఆవిడ గుండెకి స్టెంటు వేశారని ఊరందరికీ తెలుసు. మిగతావాళ్ళకి ఏమున్నాయో నాకు తెలియదు. చేతులెత్తమనడానికి కూడా భయమేసింది.

మైకులోనే చెప్పేశాను. నేను పాసవలేదండి, మీకెవరికీ నేర్పించే అర్హత నాకింకా లేదండి అని. మాస్టారి భార్యే దగ్గరికొచ్చి చెయ్యి పట్టుకుంది. అన్నయ్య మాత్రం పరువు తీశానని రాత్రి అన్నం తినకుండా పడుకున్నాడు.

నువ్వెందుకిచ్చావు అత్తయ్యా ఆ కానుక? ఎవరు ఇవ్వమన్నారు? డిసెంబరులో ఇంకో అవకాశం ఉంది. రాయాలని లేదు. బల్ల దగ్గర పేర్లు రాసుకునే పనైనా ఉంటుందేమో హేమగార్ని అడుగుతాను.

సింధు.


రేపల్లె,
అక్టోబరు 13.

(కార్డు)

సింధూ,

తప్పు నాదే అనుకో, నాకు నొప్పి లేదు. నా డ్రిల్లు క్లాసులో నొప్పి అన్న పిల్లని పక్కన కూర్చోబెట్టేదాన్ని. అందుకని ఎవరూ అనేవాళ్ళు కాదు. మనం అలాగే పెరిగాం. కానుక వెనక్కి అడగను. డిసెంబరు పరీక్ష రాయి.

అత్త.


తెనాలి,
అక్టోబరు 27.

అత్తయ్యకు వందనాలు.

నీ మీద కోపంతో కార్డు రెండు రోజులు సంచిలోనే ఉంచాను. మొన్న జిమ్‌కి రేపల్లె పాస్టరమ్మగారి చెల్లెలు చేరడానికి వచ్చింది. మాటల్లో, మీ మేనత్తగారు వేసవి నుంచి గుడికి రావట్లేదండి, మోకాళ్ళ నొప్పులటగా, పాస్టరుగారు ఇంటికొస్తానన్నా వద్దన్నారట అంది.

వేసవి నుంచి! జ్వరం వచ్చినా తడిగుడ్డ తలకి కట్టుకుని గుడికెళ్ళే మనిషివి. గదికెళ్ళి నీ ఉత్తరాలన్నీ ముందేసుకున్నాను. పెన్ను బాగాలేదన్నావు, మొన్నటి కార్డులోనూ అవే వంకర అక్షరాలు. నాలుగు నెలల్లో ఇంకో పెన్ను దొరకలేదా? ఒక గదికి జూన్ నుంచి సున్నం వేస్తున్నారా? ఎవరి చేతా కానుక పంపని దానివి పార్వతిగారి చేత ఎందుకు పంపావు? అన్నీ నా కళ్ళ ముందే ఉన్నాయి. నేనేమో ఎముకల గురించి, హాస్టల్ గురించి, నా ఒంటి నొప్పుల గురించి పేజీలు పేజీలు రాశాను. నీ ఆరోగ్యం అడగక్కర్లేదని మొదటి ఉత్తరంలోనే రాసేశాను. ఆ మేడమ్ నన్ను ఫెయిల్ చెయ్యడం న్యాయమే.

ఇప్పుడు అడుగుతున్నాను. పరీక్షలో అడగవలసిన వరసలోనే. నువ్వు నా దగ్గర చేరిన మొదటి మనిషివి అనుకుని జవాబు రాయి, టీచరువనుకుని కాదు.

ఈ ఏడాదిలో ఎప్పుడైనా పడ్డావా? కళ్ళు తిరిగాయా? ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళావు, ఏం చెప్పాడు? మందులేం వేసుకుంటున్నావు? చేతులు రెండూ ఒకేలా లేస్తున్నాయా? కుర్చీలోంచి ఏదీ పట్టుకోకుండా లేవగలవా? ఎక్కడ నొప్పి?

బతిమాలుతున్నాను, నిజం రాయి. నాకు భయంగా ఉంది.

సింధు.


రేపల్లె,
నవంబరు 3.

సింధూ,

అడిగావు కాబట్టి రాస్తున్నాను.

పడ్డాను. మే నెలలో, వంటింట్లో. ఉదయం పాలు పొంగుతుంటే దించబోయాను, కుడి చెయ్యి నా మాట వినలేదు. కాలూ అంతే. పార్వతి చూసింది. వాళ్ళాయన వెంకటకృష్ణయ్య ఆటో మాట్లాడి గుంటూరు తీసుకెళ్ళాడు. పక్షవాతం, చిన్నదే అన్నారు. నోరు వంకర పోలేదు, మాట బాగానే ఉంది. రక్తం పలచబడే మందొకటి, బీపీకొకటి. వ్యాయామం చేయించుకోవాలన్నారు. ఎవరు చేయిస్తారు? ఇంటికొచ్చి కూర్చున్నాను. కుడి చేత్తో గ్లాసు పట్టుకోలేను. ఈ ఉత్తరాలన్నీ ఎడమ చేత్తో రాసినవే, ఒక్కోటి రెండు మూడు రోజులు పడుతుంది. కుర్చీలోంచి పార్వతి లేపితే లేస్తాను. గడప దాటలేదు. గుళ్ళో వాళ్ళకి మోకాళ్ళని చెప్పించాను.

మీ అన్నకి చెప్పవద్దని పార్వతి చేత ఒట్టేయించుకున్నాను. ఎందుకో నీకు తెలుసు. మీ అమ్మ పడింది, నువ్వు చదువు మానేశావు. మీ నాన్న పడ్డాడు, మళ్ళీ మానేశావు. ఈ ఇంట్లో ఎవరు పడ్డా మంచం పక్కన నిన్నే కూర్చోబెట్టారు, నేను కూడా చూస్తూ ఊరుకున్నాను. మూడోసారి నా వల్ల మానేస్తే నేను సుఖంగా చావలేను. అందుకే ఆ కానుక అంత తొందరగా పంపాను. నువ్వు పాసైపోయావని గుళ్ళో చదివితే ఇంక వెనక్కి పోవనుకున్నాను. పిచ్చిపని.

ఎక్కడ నొప్పి అని అడిగావు. కుడి భుజం. రాత్రిళ్ళు ఎక్కువ. ఇంకోటి, ఇంట్లో ఎవరూ లేరని ఏడుపొస్తుంది. అది ఏ ఎముకో నీ పుస్తకంలో ఉందేమో చూడు.

వస్తే ఆదివారం రా, సాయంత్రం రైలుకి పో. పుస్తకాలు మానేసి వచ్చావా, తలుపు తియ్యను.

అత్త.


తెనాలి,
డిసెంబరు 18.

అత్తయ్యకు,

ఆదివారం దాకా ఆగలేక రాస్తున్నాను. ఫోన్లో చెబితే నీకు ఏ ముక్కా వినబడదు, పార్వతిగారికి ముందు తెలిసిపోతుంది.

పాసయ్యాను.

ఈసారి నా ముందు నిలబడిన పిల్లకి పాతికేళ్ళుంటాయేమో. కుర్చీ తెచ్చి కూర్చోబెట్టాను. అన్నీ అడిగాను. ఏమీ లేవు మేడమ్ అంది. నువ్వు గుర్తొచ్చావు. ఏమీ లేవనేవాళ్ళని ఇంకోసారి అడగాలని నీ దగ్గరే నేర్చుకున్నాను. పక్కన కూర్చుని, ఇంట్లో ఎవరెవరుంటారమ్మా అన్నాను. బాబు అంది. ఎన్ని నెలలు అన్నాను. నాలుగు నెలలు, ఆపరేషన్ చేసి తీశారు అంది. డాక్టరు ఒప్పుకుంటేనే మొదలుపెడదామని చెప్పి, కూర్చుని చేసే ఊపిరి వ్యాయామం ఒక్కటే చూపించాను. లెక్క నెమ్మదిగా పెట్టాను. పోయినసారి మేడమే. నవ్వలేదు గాని సంతకం పెట్టింది.

హేమగారు నా పేరు బోర్డు మీద రాయిస్తున్నారు. అన్నయ్యకి చెప్పాను, ఇంకా ఎవరికీ చెప్పకు అన్నాను. ఒప్పుకున్నాడు. నీ సంగతి తెలిశాక, ఇకనుంచి బుధవారాలు తను రేపల్లె వస్తానని కూడా అన్నాడు, వదిన అనిపించిందేమో. వస్తే రానీ, సున్నం కథ చెప్పకు.

నేను ఆదివారాలు వచ్చినప్పుడు, నీకు కుదిర్చిన ఫిజియోథెరపీ అతను చెప్పినవే నీ చేత చేయిస్తున్నానని గుర్తు పెట్టుకో. సర్టిఫికెట్ వచ్చింది కదా అని నా సొంత తెలివి నీ చేతి మీద చూపించను. ఎక్కడ ఆగాలో తెలియడమే ఈ చదువులో సగం. పోయిన ఆదివారం కుర్చీలోంచి నా చెయ్యి పట్టుకోకుండా లేచావు. పట్టుకోకుండా నా చేతులు నేనే వెనక్కి కట్టుకున్నాను. రైల్లో తెనాలి దాకా ఏడుస్తూనే ఉన్నాను, ఎదురు సీట్లో ఆవిడ కమలాపండు వలిచి ఇచ్చింది.

చాలా అలిసిపోయాను అత్తయ్యా. అయినా వదిలేస్తాననలేదు చూశావా?

సింధు.


రేపల్లె,
డిసెంబరు 22.

సింధూ,

నీ ఉత్తరం పార్వతి గట్టిగా చదివింది, వీధంతా విన్నది. మళ్ళీ నేను చదువుకున్నాను.

ఈసారి కానుక ముందు పంపలేదు. కవరు సిద్ధంగా ఉంది. ఎవరి చేతికీ ఇవ్వను. క్రిస్మస్ ఉదయం ఆరాధనకి నేనే తీసుకెళ్తాను. గుడి దాకా ఆటోనే, గుడి గేటు నుంచి లోపలికి మాత్రం నడుస్తాను. ఫిజియో అబ్బాయిని అడిగించాను, ఊతకర్ర ఉంటే సరేనన్నాడు. నువ్వు ముందు రోజే రా.

నా పక్కన నడువు. అందరూ చూస్తారు, చూడనీ. తొందరపెట్టకు, లేవనెత్తకు. లెక్క నువ్వు పెట్టు, నాకు వినబడేలా.

నొప్పెడితే చెప్తాను.

అత్త,
సుందరమ్మ.